యోసేపు ఇచ్చిన విత్తనము: ఆదికాండము 47:13-26 వెలుగులో బి.టి. పత్తి

మన సంఘాలలో విత్తనం అనగానే మత్తయి సువార్త 13వ అధ్యాయము గుర్తుకు వస్తుంది. నాలుగు రకాల నేలలను గూర్చి ప్రసంగించని కాపరి ఉండడు. అయితే విత్తువాడు ఆ విత్తనాన్ని ఎక్కడి నుండి తెచ్చుకొన్నాడు, దానికి ఎంత చెల్లించాడు, అప్పు చేసి తెచ్చాడా అన్న ప్రశ్న ప్రసంగ వేదిక మీద వినబడదు. ఉపమానానికి ఆ ప్రశ్న అవసరం లేదనుట నిజమే. గలిలయ రైతు బహుశా తన గాదెలోని గింజనే తీసి చల్లి ఉంటాడు. కాని వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు ప్రాంతాలలో పత్తి వేసే విశ్వాసికి మృగశిర కార్తెలో ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే.

జన్యుమార్పిడి విత్తనాలను గూర్చి తెలుగు క్రైస్తవ ప్రసంగాలలోను, వేదాంత విద్యార్థుల వ్యాసాలలోను సాధారణంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, దేవుడు ఏర్పరచిన జాతుల హద్దును మనుష్యుడు చెరిపివేస్తున్నాడు గనుక ఇది పాపమనేది. రెండవది, విజ్ఞానము దేవుని వరము, దిగుబడి ఆయన ఆశీర్వాదము గనుక ఇందులో ప్రశ్నించవలసినది ఏమీ లేదనేది. ఈ రెండూ లేఖనాలను ఆధారము చేసుకొంటున్నవే. రెండూ ఒకే చోట తప్పిపోతున్నాయని నా అభిప్రాయము. విత్తనములో ఏమున్నదని అవి అడుగుతాయి గాని, విత్తనము ఎవరి చేతిలో ఉన్నదని అడగవు. ఆ రెండవ ప్రశ్నను బైబిలు చాలా సూటిగా అడిగే వాక్యభాగము ఒకటి ఉన్నది. దానిని మనము దాదాపుగా చదవకుండానే దాటిపోతున్నాము. అది ఆదికాండము 47:13-26.

జాతుల కలయిక వాదన

మొదటి ధోరణికి రెండు ఆధారాలు. ఆదికాండము 1:11-12లో చెట్లు తమ తమ జాతి ప్రకారము విత్తనమిచ్చునవిగా సృష్టింపబడుట. లేవీయకాండము 19:19లో వేరు జాతి జంతువులను కలపకూడదని, పొలములో రెండు రకముల విత్తనములు చల్లకూడదని, రెండు రకముల దారముతో నేసిన బట్ట వేసుకొనకూడదని ఇచ్చిన ఆజ్ఞ. బి.టి. పత్తిలో నేలలో నివసించే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి జన్యువును చేర్చుతారు గనుక, ఇంతకన్న స్పష్టమైన కలయిక ఏముంటుందని వాదిస్తారు.

వినుటకు బలమైన వాదనే. అయితే ఆదికాండము 1లోని 'మీన్' అను హెబ్రీ పదము నేటి జీవశాస్త్రము చెప్పే జాతికి సమానము కాదు. పైగా అక్కడ ఉన్నది సృష్టి క్రమ వర్ణన. రైతుకు ఇచ్చిన ఆజ్ఞ కాదు. లేవీయకాండములో ఉన్నది ఆజ్ఞయే. కాని ప్రధాన యాజకుని ఏఫోదులో సన్నపు నారను రంగు నూళ్లతో కలిపి నేయవలెనని నిర్గమకాండము 28:6 చెబుతుంది. ఈ కారణము చేతనే జేకబ్ మిల్‌గ్రోమ్ వంటి వ్యాఖ్యాతలు ఈ నిషేధమును పరిశుద్ధ స్థలమునకు, సామాన్య జీవితమునకు మధ్య గీసిన హద్దుగా అర్థము చేసుకొన్నారు. కలయిక దేవుని స్థలమునకు చెందినది, గనుక సామాన్యులు దానిని ముట్టరాదని వారి భావము. దావీదు తన కంచరగాడిద మీద సొలొమోనును ఎక్కించినప్పుడు (1 రాజులు 1:33) ప్రవక్తయైన నాతాను దానికి అభ్యంతరము చెప్పలేదు.

అసలు చిక్కు మరొకటి. ఈ వచనమును అక్షరార్థముగా నేటి పొలానికి అన్వయించితే ఎవరు దోషులవుతారో చూడండి. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, వారిలో అత్యధికులు దళితులు, ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, సజ్జ, అలసంద, అనుములు కలిపి విత్తుతారు. తమ విత్తనాన్ని తామే దాచుకొని ఇరుగుపొరుగుకు పంచుతారు. రెండు రకాల విత్తనాలు చల్లరాదన్న ఆజ్ఞ ముందు తలవంచవలసినది వీరే. అంచు నుండి అంచు వరకు ఒకే కంపెనీ పత్తి వేసినవాడు మాత్రం ఆజ్ఞను పాటించినవాడవుతాడు! ఇంకొక వింత కూడా ఉన్నది. బి.టి. పత్తికి అనుమతినిచ్చినప్పుడు పురుగులో నిరోధకత పెరగకుండా పొలము చుట్టూ బి.టి. కాని పత్తిని కొన్ని వరుసలు వేయాలని షరతు పెట్టారు. అందుకోసం ప్రతి ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు. చాలమంది రైతులు దానిని పారవేశారు. రెండు రకాలు కలిపి విత్తకపోవడమే ఇక్కడ తప్పయింది.

ఈ వాదన త్వరలో పాతబడిపోతుందని కూడా గమనించాలి. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. వాటిలో ఒకటైన 'కమల' హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో రూపొందింది. దాని తల్లి మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204. ఇందులో వేరొక జాతి జన్యువు లేదు. ఉన్న జన్యువునే కత్తిరించి సవరించారు. ఇటువంటి పంటలను జన్యుమార్పిడి నియమాల నుండి 2022లోనే మినహాయించారు. జాతుల కలయిక ఒక్కటే మన అభ్యంతరమైతే, కమల విషయములో మనకు చెప్పడానికి ఒక్క మాట కూడా మిగలదు. కాని ఆ కత్తిరించే పద్ధతి మీద పేటెంట్లు ఎవరివి, రేపు ఆ విత్తనం ఎవరి షరతుల మీద రైతుకు చేరుతుంది అన్న ప్రశ్నలు అలాగే నిలుస్తాయి.

జాతుల కలయికను గూర్చి సామాన్య విశ్వాసికి కలిగే భయాన్ని తేలికగా తీసివేయాలని నేను చెప్పడం లేదు. సృష్టి మనము తయారుచేసుకొన్న సరుకు కాదు, మనకు అనుగ్రహింపబడినది అన్న భావము ఆ భయములో దాగి ఉన్నది. అది విలువైనది. తప్పుడు వచనము మీద దానిని నిలబెట్టడమే పొరపాటు.

నూరంతల ఆశీర్వాదము

రెండవ ధోరణిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇస్సాకు గెరారులో విత్తి అదే సంవత్సరము నూరంతల ఫలము పొందుట (ఆదికాండము 26:12) ఈ ప్రసంగాలకు మూలము. ఆ ప్రసంగాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ తరువాతి పది వచనాలు ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిన బావులను గూర్చి, నీరు ఎవరిదన్న తగవులను గూర్చి చెబుతాయి. పంట ఎంత అన్న మాట వెంటనే వనరు ఎవరిది అన్న జగడములోనికి లేఖనమే మనలను తీసుకొనిపోతున్నది.

బి.టి. పత్తి చరిత్రలో నిజమేమి

వాదనకు ముందు వాస్తవాలు సరిగా ఉండాలి. ఈ విషయములో మన ప్రసంగికులు రెండు వైపులా అజాగ్రత్తగా ఉన్నారు.

బి.టి. విత్తనము వలన రైతులు ఆత్మహత్య చేసుకొన్నారని సభలలో చెబుతుంటారు. వరంగల్ పత్తి రైతుల మరణాలు దేశాన్ని కుదిపినది 1997-98లో. బి.టి. పత్తికి కేంద్రములోని జన్యు ఇంజనీరింగు ఆమోద సంఘము అనుమతి ఇచ్చినది 2002 మార్చి 26న. అనగా మొదటి మరణాల నాటికి ఈ విత్తనము లేదు. అప్పుడున్నది శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, వాటి మీద పనిచేయని మందులు, ఆ మందులను విత్తనంతోపాటు అప్పుగా ఇచ్చి పంటను తానే కొనుక్కొనే దుకాణదారుడు. బి.టి. విత్తనము ఈ అప్పు గొలుసును సృష్టించలేదు, ఉన్న గొలుసులోనికి వచ్చి చేరింది. అదేవిధముగా, మొలకెత్తని గింజనిచ్చే 'టెర్మినేటర్' విత్తనము రైతులకు అమ్మారన్న మాట కూడా నిజము కాదు. ఆ పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంటు లభించింది గాని, అది ఎన్నడూ మార్కెట్టుకు రాలేదు.

మొదటి సంవత్సరాలలో బి.టి. పత్తి మీద శనగపచ్చ పురుగు మందుల పిచికారీ తగ్గిన మాట కూడా ఒప్పుకోవాలి. దేశములో పత్తి ఉత్పత్తి 2002-03లో సుమారు 136 లక్షల బేళ్లు ఉండగా, 2013-14 నాటికి 398 లక్షల బేళ్లకు చేరింది. విస్తీర్ణము, ఎరువులు, సాగునీరు, కొత్త హైబ్రిడ్లు పెరగడం కూడా ఇందులో పాలు పంచుకొన్నాయి. హెక్టారు దిగుబడి మాత్రం 2007-08 తరువాత ముందుకు సాగలేదు. 2010లో గుజరాతులో గులాబీ రంగు పురుగు మొదటి తరం బి.టి.కి లొంగడం లేదని కంపెనీయే ఒప్పుకొంది. 2014 తరువాత రెండవ తరం బోల్‌గార్డ్‌కు కూడా అదే గతి పట్టింది. 2017లో ఆ పురుగు తెలంగాణ, మహారాష్ట్ర చేలలో కాయలను లోపలి నుండి తినివేసింది.

ఇక మన రాష్ట్రపు కథ. మొదట అనుమతి పొందిన మూడు మహికో హైబ్రిడ్లు వరంగల్ మెట్ట పొలాలలో రైతులను నిరాశపరచాయి. రాష్ట్ర ప్రభుత్వం పరిహారము కోరింది, కంపెనీ అంగీకరించలేదు. 2005లో ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించలేదు. ఆనాడు 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 నుండి 1,850 రూపాయల వరకు ఉండేది. అందులో సుమారు 1,250 రూపాయలు 'ట్రెయిట్ ఫీజు', అనగా ఆ జన్యువును వాడుకొన్నందుకు మహికో మోన్‌శాంటో బయోటెక్ సంస్థకు చెల్లవలసిన సొమ్ము. ప్రతి ప్యాకెట్టులో మూడింట రెండు వంతులు గింజకు కాదు, గింజలోని ఒక్క గుణానికి! ఆ మొదటి బోల్‌గార్డ్ జన్యువుకు భారతదేశములో పేటెంటు లేదు. కంపెనీల మధ్య ఒప్పందముల ద్వారానే అది వసూలయ్యేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార పద్ధతుల కమిషనును ఆశ్రయించి, 2006 మేలో అనుకూలమైన మధ్యంతర ఉత్తర్వు పొంది, ధరను 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తన ధరల మీద చట్టమే చేసింది. 2016లో కేంద్రము ఈ ఫీజును 49 రూపాయలుగా నిర్ణయించింది. క్రమంగా తగ్గిస్తూ, రెండవ తరం బోల్‌గార్డ్ పేటెంటు గడువు 2019లో ముగిసిన తరువాత 2020లో సున్న చేసింది. ఈలోగా 2018లో మోన్‌శాంటోను బాయర్ సంస్థ కొనివేసింది. హైదరాబాదులోని నూజివీడు సీడ్స్‌తో సాగిన పేటెంటు దావా 2019 జనవరిలో సుప్రీం కోర్టు దాకా వెళ్లి, మళ్లీ విచారణకు దిగువకు వచ్చి, 2021లో రాజీతో ముగిసింది. విత్తనములో చేర్చిన జన్యువు చట్టరీత్యా విత్తనములో భాగమా, వేరొక ఆవిష్కరణా అన్న ప్రశ్న తీర్పు లేకుండానే మిగిలిపోయింది.

1,250 రూపాయలు సున్నకు దిగుటకు పదునైదేళ్లు పట్టింది. ప్రభుత్వము జోక్యము చేసుకొంటే విత్తనపు ధర దైవనిర్ణయము కాదని తేలిపోయింది. ఈ విషయములో మన సంఘాలు మాట్లాడిన దాఖలా నా దృష్టికి రాలేదు. 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో బి.టి. వంకాయను గూర్చి అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఏడు నగరాలలో బహిరంగ సంప్రదింపులు జరిపారు. వాటిలో హైదరాబాదు ఒకటి. ఆయన 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేశారు. ఆ వేదిక మీద శాస్త్రజ్ఞులు, రైతు సంఘాలు, కంపెనీలు తమ వాదన వినిపించాయి. మన సెమినరీలు తమ వాదనను సిద్ధము చేసుకొని ఉన్నాయా అన్నది మనలను మనము అడుగవలసిన ప్రశ్న.

ఐగుప్తులో విత్తనము

ఇప్పుడు ఆదికాండము 47. యోసేపును మనము మాదిరి పాలకునిగా, శోధనను జయించిన యౌవనునిగా, క్రీస్తుకు ఛాయగా బోధిస్తాము. సహోదరులను క్షమించిన సన్నివేశము దగ్గర కన్నీళ్లు పెట్టిస్తాము. 47:12 తరువాత నేరుగా యాకోబు మరణపడక దగ్గరకు వెళ్లిపోతాము. మధ్యలో మిగిలిపోయిన పద్నాలుగు వచనాలలో ఒక దేశము రైతులు తమ సమస్తమును పోగొట్టుకొంటారు.

క్రమము జాగ్రత్తగా చూడండి. సమృద్ధి యేండ్లలో పంటలో ఐదవ భాగమును తీసుకొనవలెనన్నది యోసేపు సలహా (41:34). ఏ పట్టణపు చుట్టునున్న పొలముల ధాన్యము ఆ పట్టణములోనే నిలువ అయింది (41:48). కరవు వచ్చినప్పుడు ఆ కొట్లు తెరచి అదే ఐగుప్తీయులకు అమ్మాడు (41:56). వారి దగ్గర తీసుకొన్నదే వారికి అమ్మకానికి వచ్చింది. మొదట రూకలు అయిపోయాయి. తరువాత గుఱ్ఱములు, గొఱ్ఱెలు, పశువులు, గాడిదలు. చివరకు ప్రజలే వచ్చి, మా దేహములు, మా పొలములు తప్ప ఏమీ మిగలలేదు, వాటిని తీసుకొని మాకు విత్తనమిమ్మని అడిగారు (47:18-19). ఇక్కడ ఒక మార్పు ఉన్నది. అంతవరకు వారు అడిగినది ఆహారము. ఇప్పుడు దానితోపాటు విత్తనము కూడా అడుగుతున్నారు. తినడానికి ధాన్యము కొన్నవాడు ఈ ఏటి కడుపు నింపుకొంటాడు. విత్తనము కొరకు చేయి చాపినవాడు వచ్చే ఏడు కూడా ఇతరుని చేతిలో పెట్టినవాడవుతాడు. భూమి చేతులు మారినది విత్తనము కూడా అడిగినప్పుడే.

47:21లో ఒక పాఠభేదము మన తెలుగు పాఠకులకు కనబడదు. మన బైబిలు మసోరెటిక్ పాఠమును అనుసరించి యోసేపు జనులను ఊళ్లలోనికి తరలించాడని చెబుతుంది. సమరయ పంచకాండము, సెప్టువజింతు మాత్రము వారిని దాసులుగా చేశాడని చదువుతాయి. హెబ్రీలో రేష్, దాలెత్ అక్షరాలు చూపునకు ఒకటిగానే ఉంటాయి. కొద్ది అక్షరాల తేడాతో ఊరు దాస్యమవుతుంది. ఏది మూలపాఠమన్న చర్చ పండితులలో ఉన్నది. అయితే 19, 25 వచనాలలో ప్రజలే తమను దాసులమని పిలుచుకొంటున్నారు గనుక, ఏ పాఠము తీసుకొన్నా ఫలితము మారదు.

25వ వచనము మన చర్చకు కీలకము. ప్రజలు యోసేపుకు కృతజ్ఞత చెబుతారు. తమ ప్రాణము నిలిపావని, ఫరోకు దాసులమవుతామని సంతోషముగా ఒప్పుకొంటారు. విత్తన కంపెనీల పక్షాన వినిపించే అత్యంత బలమైన వాదన ఇదే: రైతును ఎవరూ బలవంతపెట్టలేదు, వరుసలో నిలబడి కొన్నాడు, దేశపు పత్తి విస్తీర్ణములో నూటికి తొంబై పాళ్లకు పైగా బి.టి. అయినదంటే అది రైతు ఇచ్చిన తీర్పు కాదా? అవును, రైతు కొన్నాడు. ఐగుప్తీయులు కూడా అడిగే తీసుకొన్నారు. లేఖనము వారి సమ్మతిని దాచలేదు. ఆ సమ్మతితో విషయము ముగిసిపోయిందని కూడా చెప్పలేదు. మోషే ధర్మశాస్త్రము భూమిని శాశ్వతముగా అమ్మరాదని (లేవీయకాండము 25:23), ఐగుప్తు నుండి విడిపించబడినవారిని దాసులుగా అమ్మరాదని (25:42) చెప్పినప్పుడు, ఆదికాండము 47లో జరిగిన రెండింటినీ పేరు ఎత్తకుండానే తోసివేసింది. రాజును కోరుకొన్న ప్రజలకు సమూయేలు ఇచ్చిన హెచ్చరికలో (1 సమూయేలు 8:15) మన అనువాదములో ధాన్యమని కనబడే మాటకు హెబ్రీ మూలము 'జెరా', అనగా విత్తనము. అక్కడ రాజు పదవ భాగము తీసుకొంటాడని భయపెట్టాడు. ఫరో తీసుకొన్నది ఐదవ భాగము.

పోలిక ఎంతవరకు

యోసేపును మోన్‌శాంటో అనడం నా ఉద్దేశము కాదు. అక్కడ నిజమైన కరవు ఉన్నది. యోసేపు ప్రాణాలు నిలిపాడన్నది కథకుని సాక్ష్యము కూడా. పత్తి తినే పంట కాదు. కాని పోలికను రెండు చోట్ల పరిశీలిస్తే, ఫరోయే మెత్తనివాడుగా కనిపిస్తాడు.

ఫరో వాటా పంటలో ఐదవ భాగము. పంట పండితేనే వాటా. వాన తప్పిన ఏడు ఫరోకు కూడా తక్కువే. నష్టములో ఆయనకు పాలు ఉన్నది. ట్రెయిట్ ఫీజు గింజ నేలలో పడకముందే వసూలయ్యేది. మొలక రాకపోయినా, కాయలో గులాబీ రంగు పురుగు చేరినా, కంపెనీ ముందుగా పుచ్చుకొన్నది తిరిగి వచ్చేది కాదు. మెట్ట పొలములో తొలకరికి విత్తి, రెండు వారాలు వాన లేక మళ్లీ విత్తినవాడు ఆ ఫీజును రెండుసార్లు చెల్లించాడు. తెలంగాణ పల్లెలలో విత్తన ధాన్యము అప్పు తీసుకొని సగము కలిపి తిరిగి కొలిచే 'నాగు' పద్ధతి ఉండేది. దానిని మనము దోపిడీ అంటాము, సరిగానే అంటాము. ఆ నాగు కూడా కోత తరువాతనే కొలిచేది.

రెండవది ఇంకా ముఖ్యమైనది. 47:24లో మిగిలిన నాలుగు భాగాలు దేనికి అన్నది యోసేపే చెబుతాడు: ఇంటివారికి, పిల్లలకు ఆహారము, పొలమునకు విత్తనము. అనగా ఒకసారి విత్తనము ఇచ్చిన తరువాత రెండవ ఏటి విత్తనము రైతు గాదెలోనే ఉంటుంది. మన దేశములో 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము కూడా రైతు తన పంటలో నుండి విత్తనము దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు, బ్రాండు పేరు లేకుండా అమ్ముటకు హక్కు ఇచ్చింది. ప్రపంచములో ఇంత ఉదారమైన చట్టాలు తక్కువ. అయితే బి.టి. పత్తి మనకు హైబ్రిడ్ రూపములోనే వచ్చింది. హైబ్రిడ్ గింజను దాచి మరుసటి ఏడు విత్తితే మొక్కలు ఒక్క తీరుగా రావు, దిగుబడి పడిపోతుంది. చైనాలోను, అమెరికాలోను ఎక్కువగా సూటి రకాలలోనే బి.టి. జన్యువును చేర్చారు. ఇక్కడ చట్టము ఇచ్చిన హక్కును హైబ్రిడ్ తీసివేసింది. టెర్మినేటర్ అవసరమే లేకపోయింది. నాగపూరులోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ రైతు దాచుకోదగిన బి.టి. సూటి రకమును 2009లో విడుదల చేసింది. అందులో మోన్‌శాంటో జన్యువే ఉన్నదని తేలి అది ఆగిపోయింది. జన్యుశాస్త్రము చెడ్డదని కాదు, ఆ శాస్త్రము ఏ రూపములో రైతుకు చేరాలన్నది ఎవరు నిర్ణయించారన్నదే ప్రశ్న.

రోమన్ కథోలిక సంఘములో ఈ తేడా స్పష్టముగా కనిపిస్తుంది. 2009 మేలో పొంటిఫికల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జరిపిన అధ్యయన సభలో జన్యుమార్పిడిని సమర్థించే శాస్త్రజ్ఞులదే పైచేయి. పేదల ఆకలి తీర్చే సాధనమన్న కోణము నుండే అక్కడ చర్చ నడిచింది. 2015లో పోపు ఫ్రాన్సిస్ విశ్వలేఖ 'లౌదాతో సీ' ఈ పంటల మీద మొత్తముగా ఒక తీర్పు చెప్పడానికి నిరాకరించి, భూమి కొద్దిమంది చేతులలోనికి పోవుట, చిన్న రైతు కనుమరుగగుట, విత్తన ఉత్పత్తి మీద కొద్ది సంస్థల పట్టు అనే అంశాల మీదికి దృష్టి మరల్చింది. ప్రొటెస్టంటులమైన మనము ఆ పత్రమును చదవడానికి సందేహించనక్కరలేదు. దానిలో ఆదికాండము 47 ప్రస్తావన లేకపోవడం మాత్రము నాకు ఆశ్చర్యమే.

విత్తనము చేసే చేతులు

ఇంతవరకు విత్తనము కొనేవాని సంగతి. విత్తనము తయారుచేసేవారి సంగతి మన సంఘాలకు ఇంకా దగ్గరిది. హైబ్రిడ్ పత్తి గింజ దానంతట అది రాదు. ఆడ వరుసలోని ప్రతి మొగ్గను సాయంత్రము చేతితో ఒలిచి పుప్పొడి తిత్తులను తీసివేయాలి; మరునాడు ఉదయము మగ వరుస పువ్వు తెచ్చి రుద్దాలి. దీనినే 'క్రాసింగ్' అంటారు. ఒక్క ఎకరములో వేల మొగ్గలు, వారాల తరబడి పని. గద్వాల నడిగడ్డలోను, కర్నూలు జిల్లాలోను ఈ సాగు పెరిగినప్పుడు ఆ పనికి చిన్న చేతులు, అందులో ఆడపిల్లలు కావలసివచ్చారు. తల్లిదండ్రులకు ముందుగా అప్పు ఇచ్చి పిల్లను పనికి కుదుర్చుకొనేవారు. దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనము దేశీయ కంపెనీలే గాక బహుళజాతి కంపెనీల విత్తన చేలలో కూడా ఇది జరుగుతున్నదని బయటపెట్టింది. కంపెనీ నేరుగా రైతుతో ఒప్పందము చేసుకోదు. మధ్యలో 'ఆర్గనైజరు' ఉంటాడు. గనుక పిల్ల ఎవరి కూలి అని అడిగితే ఎవరి కూలీ కాదు. తరువాతి సంవత్సరాలలో ఒత్తిడి వలన కంపెనీలు కొన్ని చర్యలు తీసుకొన్నాయి, బాలకార్మికుల సంఖ్య తగ్గింది. పూర్తిగా పోలేదు.

నెహెమ్యా 5:1-5లో యూదుల మొర ఇదే క్రమములో ఉన్నది. మొదట పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ. తరువాత రాజు పన్నుకు అప్పు. చివరకు కుమారులు, కుమార్తెలు దాస్యానికి. అప్పటికే కుమార్తెలలో కొందరు దాస్యములో ఉన్నారని ఆ వాక్యభాగము ప్రత్యేకముగా చెబుతుంది. ఈ వాక్యభాగమును మనము ప్రాకారపు నిర్మాణమును గూర్చిన ప్రసంగమాలలో, అదీ నిధి సేకరణ ఆదివారమున వాడుకొంటున్నాము. నెహెమ్యా సమాజము కూర్చాడని (5:7) మాత్రము చెప్పము.

మళ్లీ ఆదికాండము 47కు వస్తే, ఒక వర్గము భూమి మాత్రము ఫరోకు పోలేదు. 22, 26 వచనాలు రెండుసార్లు చెబుతున్నాయి: యాజకుల భూమి. వారికి ఫరో ఇచ్చే భత్యము ఉన్నది గనుక వారు అమ్ముకొనవలసిన పని లేకపోయింది. దేశమంతా దాస్యములోనికి వెళ్తున్నప్పుడు ఐగుప్తు యాజకులు ఏమన్నారో వాక్యము చెప్పదు. వారి బువ్వ ఎక్కడి నుండి వచ్చిందో మాత్రము చెబుతుంది. మన గ్రామ సంఘాలలో కోతకాలపు పండుగకు పెద్ద మొత్తము ఇచ్చే వారిలో ఎరువుల దుకాణము నడిపేవారు, విత్తన ఆర్గనైజర్లు ఉండుట అరుదు కాదు. అందులో దోషమున్నదని నేను అనడం లేదు. వారిలో యథార్థవంతులు ఉన్నారు. ఆ కానుక తీసుకొన్న కాపరి ఆమోసు 8:5-6 మీద, తూకము తగ్గించి పొల్లు గింజ అమ్మేవారిని గూర్చి, నకిలీ పత్తి విత్తనాల కాలములో ఎంత స్వేచ్ఛగా ప్రసంగించగలడన్నదే అడుగుతున్నాను.

కాపరికి ఉన్న ఒక అవకాశమును గూర్చి కూడా చెప్పాలి. నడిగడ్డ గ్రామాలలో విత్తన చేలలో పని చేసే కుటుంబాలలో మన సంఘ సభ్యులున్నారు. కార్మిక శాఖ అధికారి తనిఖీకి వచ్చే రోజున చేనులో పిల్లలు కనబడరు. కాని ఆగస్టు మొదలు క్రాసింగ్ సాగే వారాలలో ఏ పిల్లలు రావడం మానివేశారో, ఏ వారమున తిరిగి వచ్చారో, ఆదివారపు బడి హాజరు పట్టీలో పేరుపేరునా ఉంటుంది.